నల్లరేగడి నేలల్లో చక్రాలు, టైర్ల కొలతలు

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిర్చి మైదానాల్లో తిరిగే ఎద్దుబండికి, ట్రాక్టర్‌కు, దాని వెనక తగిలించే ట్రక్కుకు, పాత జీపుకు, కారుకు ఎంత ఎత్తు చక్రం ఉండాలి, ఎంత వెడల్పు టైరు ఎక్కించాలి, రెండు చక్రాల మధ్య ఎంత ఎడం పెట్టాలి అన్నది ఈ వ్యాసంలోని విషయం. ఏ బండికి ఏ టైరో కంపెనీ పుస్తకం చెబుతుంది. ఈ ప్రాంతంలో ఆ మాట ఒక్కటే చాలదు. నేల పదును, పైరు సాళ్ల దూరం, మోయాల్సిన బరువు కలిసి కొలతను తేలుస్తాయి. వీటిలో ఏది మరిచినా ముందు డీజిలు, తర్వాత టైరు, ఆ తర్వాత పైరు, చివరికి నేలే దెబ్బతింటాయి.

గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది. 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనలో పల్నాడు, బాపట్ల జిల్లాలు కొత్తగా వచ్చాయి. ఇక్కడ గుంటూరు, ప్రకాశం అన్నప్పుడల్లా పాత ఉమ్మడి జిల్లాలనే తీసుకోవాలి.

నేల, దారి

సత్తెనపల్లి, నరసరావుపేట, చిలకలూరిపేట, మార్టూరు, పర్చూరు, అద్దంకి ప్రాంతాల్లో నల్లరేగడి విస్తారంగా ఉంది. పశ్చిమాన మార్కాపురం, గిద్దలూరు వైపు ఎర్రనేలలు, రాళ్లు ఎక్కువ. బాపట్ల, చీరాల తీరంలో ఇసుక. తెనాలి, రేపల్లె వైపు కృష్ణా డెల్టా మాగాణి. రోజు మొత్తం తిరిగితే ఒకే ట్రాక్టర్ ఈ నాలుగు రకాల నేలలూ తొక్కగలదు.

నల్లరేగడిలోని బంకమట్టిలో మాంట్‌మోరిల్లోనైట్ అనే ఖనిజం ఎక్కువ. అది నీరు తాగితే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. అందుకే ఎండాకాలంలో చేలో కాలు దూరేంత నెర్రెలు పడతాయి, వాన పడగానే అదే చేను జిగురుముద్ద అవుతుంది. ఈ రెండు స్థితుల మధ్య కొద్ది రోజులు మాత్రమే ఉండే మంచి తేమనే రైతు పదును అంటాడు. పదునున్నప్పుడు ఏ చక్రమైనా సాగుతుంది. పదును దాటి తడిగా ఉంటే మట్టి చక్రానికి చుట్టుకుంటుంది, టైరు పళ్ల సందులు పూడిపోతాయి, పట్టు పోతుంది. అంతకన్నా పెద్ద నష్టం కంటికి కనిపించదు. తడి నేలమీద బరువు పడితే కింది పొర అణిగి గట్టిపడుతుంది. ఆ పొరను పత్తి తల్లివేరు చీల్చుకుని దిగలేదు.

ఊరి నుంచి చేలకు వెళ్లే దారిని ఈ ప్రాంతంలో డొంక అంటారు. తరాల తరబడి బండ్లు తిరిగి డొంకల్లో రెండు గాళ్లు పడేవి. ఆ గాళ్ల ఎడానికి సరిపోని బండి, ఒక చక్రం గాడిలో, ఒక చక్రం మిట్టమీద పడి ఒరిగిపోతూ నడిచేది. చక్రాల మధ్య దూరం ఊరంతటికీ ఒకటే ఉండాలన్న నియమాన్ని డొంక దానంతటదే నేర్పింది.

కర్రచక్రం

కర్రచక్రంలో నడుమ కుండ, దాని చుట్టూ ఆకులు, ఆకుల కొసలను కలుపుతూ పూటీలు, పూటీల మీద ఇనుప పట్టా ఉంటాయి. కుండ ఇరుసు మీద తిరుగుతుంది. చక్రం ఊడిపోకుండా ఇరుసు చివర శీల దిగ్గొడతారు. రాపిడి తగ్గడానికి కందెన పూస్తారు. కర్రకు నల్లతుమ్మ పేరుపడింది.

పట్టా ఎక్కించడంలో వడ్రంగి, కమ్మరి కలిసి పనిచేస్తారు. పట్టాను చక్రం చుట్టుకొలత కన్నా కాస్త తక్కువగా చేసి, నేలమీద పడుకోబెట్టి చుట్టూ పిడకలు పేర్చి కాలుస్తారు. ఎర్రబడ్డాక పట్టకార్లతో నలుగురు ఎత్తి చక్రం మీద దించుతారు. కర్ర అంటుకుని పొగ లేస్తుండగానే నీళ్లు పోస్తారు. ఇనుము చల్లారి బిగుసుకుంటూ ఉంటే ఆకులు కుండలోకి దిగే చప్పుడు పైకి వినిపిస్తుంది. దీని వెనక కచ్చితమైన లెక్క ఉంది. ఐదడుగుల చక్రం చుట్టుకొలత సుమారు 4.8 మీటర్లు. అంత పట్టా 600 డిగ్రీలు వేడెక్కితే దాదాపు మూడున్నర సెంటీమీటర్లు సాగుతుంది. కమ్మరి వదిలిపెట్టే తేడా ఆ హద్దులోనే ఉండాలి. తక్కువైతే పట్టా జారిపోతుంది, ఎక్కువైతే చక్రం మీదికి ఎక్కనే ఎక్కదు, బలవంతాన ఎక్కినా ఆకులు విరుగుతాయి. టేపు లేని రోజుల్లో ఈ తేడాను కంటితో పట్టుకున్న కమ్మరులు ఈ ప్రాంతపు తొలి చక్రాల ఇంజనీర్లు.

చక్రం అంత ఎత్తుగా చేయడానికి కారణం గతుకులు. పది సెంటీమీటర్ల గట్టు ఎదురైనప్పుడు, ఇరుసు ఎత్తులో అడ్డంగా లాగే బలాన్ని లెక్క వేస్తే, మీటరున్నర ఎత్తు చక్రానికి దానిమీద పడిన బరువులో 58 శాతం బలం చాలు. 70 సెంటీమీటర్ల చక్రానికి 98 శాతం కావాలి. ఎత్తు చక్రం ఎద్దుకు మేలు చేస్తుంది. దాని లోపం వెడల్పులో ఉంది. రెండంగుళాల పట్టా ఎండిన డొంకలో తేలిగ్గా దొర్లినా, తడి రేగడిలో కత్తిలా దిగుతుంది. ఒక్కో చక్రం మీద 500 కిలోలు పడి, నేలను తాకే చోటు 50 చదరపు సెంటీమీటర్లే అయితే, ప్రతి చదరపు సెంటీమీటరు మీదా పది కిలోల ఒత్తిడి. తారురోడ్లను ఇనుప పట్టాలు చీల్చేది కూడా ఈ ఒత్తిడి వల్లే.

టైరుబండి

గాలి టైరును 1888లో జాన్ బాయ్‌డ్ డన్‌లప్ వాడుకలోకి తెచ్చాడు. మన దేశంలో ఎద్దుబండ్ల కోసమే ప్రత్యేకంగా టైర్లు తయారయ్యాయి. 7.00-19, 8.00-19 వాటిలో ప్రసిద్ధమైన కొలతలు. బండి బరువుకు తగ్గట్టు గట్టి పక్కలు, నెమ్మదిగా నడిచే బండి కాబట్టి సాదా గాళ్లు వీటి గుర్తు. బెంగళూరు ఐఐఎం డైరెక్టరుగా పనిచేసిన ఎన్.ఎస్.రామస్వామి 1970ల నుంచి ఎద్దుబండి మెరుగుదలకు, పశువుల మెడమీది బాధ తగ్గించడానికి దేశమంతా ప్రచారం చేశారు.

టైరు, బేరింగు కలిసి బండిని ఎంత తేలిక చేశాయంటే, అదే జత ఎద్దులు మునుపటికన్నా ఎక్కువ బరువు లాగగలిగాయి. బండి బల్ల కిందికి దిగడంతో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, ఎత్తడం సులువైంది. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి అయ్యాయి. చక్రం పొట్టిదైతే నొగ వాలు మారి కాడి మెడమీద నొక్కుతుంది. బల్ల కింద దిమ్మెలు వేసి నొగ ఎత్తును సరిచేయాలి. రెండోది, తేలిగ్గా దొర్లే బండి దిగుడులో ఎద్దుల మీదికి తోసుకొస్తుంది. బ్రేకు లేని టైరుబండికి అతిగా బరువు వేయడమంటే ఆ మూగజీవాలకు ద్రోహం చేయడమే. ఒంగోలు జాతికి ప్రపంచమంతా పేరున్న ఈ నేలమీద ఈ మాట గట్టిగా చెప్పాలి.

టైరు మీది అంకెలు

ట్రాక్టర్ టైరు మీద 13.6-28 అని ఉంటే, టైరు వెడల్పు సుమారు 13.6 అంగుళాలు, అది కూర్చునే రిమ్ము వ్యాసం 28 అంగుళాలు అని అర్థం. మధ్యలో గీత ఉంటే అది నైలాన్ దారాలు ఏటవాలుగా అల్లిన పాత తరహా టైరు. గీత బదులు ఆర్ అనే అక్షరం ఉంటే రేడియల్. కొన్ని టైర్ల మీద 13.6/12-28 అని ఉంటుంది. ఇందులో 12 అనేది ఆ టైరుకు పాత రోజుల్లో ఉన్న పేరు. దాన్ని ఎత్తు శాతంగా పొరబడకూడదు. ప్లై రేటింగ్ అనేది బరువు మోసే తాహతుకు గుర్తు. లోపల అన్ని పొరలున్నాయని కాదు.

కారు టైరు లెక్క వేరు. 235/75ఆర్15లో 235 మిల్లీమీటర్లలో వెడల్పు, 75 అంటే పక్క ఎత్తు వెడల్పులో 75 శాతం, 15 రిమ్ము అంగుళాల్లో. మొత్తం ఎత్తు కావాలంటే పక్క ఎత్తును రెట్టించి రిమ్ముకు కలపాలి. 235లో 75 శాతం 176. దాని రెట్టింపు 352. పదిహేను అంగుళాలు 381 మిల్లీమీటర్లు. మొత్తం సుమారు 733 మిల్లీమీటర్లు. టైరు మార్చాలనుకునే ఎవరైనా ఈ లెక్క ఒక్కటి నేర్చుకుంటే సగం మోసపోకుండా ఉంటారు.

టైరు పక్కన నాలుగంకెల తయారీ గుర్తు కూడా ఉంటుంది. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2321 అంటే 2021లో 23వ వారం. పళ్లు నిండుగా ఉన్నా పాతబడిన రబ్బరు పగుళ్లిస్తుంది. గుంటూరు ఎండల్లో బయట నిలబెట్టిన ట్రక్కు టైర్లకు ఈ ముప్పు ఎక్కువ.

ట్రాక్టర్ టైర్లు

తొలి ట్రాక్టర్లు ఇనుప చక్రాలతో నడిచేవి. 1932లో అమెరికాలోని అలిస్-చాల్మర్స్ కంపెనీ ట్రాక్టర్‌కు గాలి టైర్లు బిగించి చూపించాక ప్రపంచ వ్యవసాయం దారి మార్చుకుంది. మన దేశంలో 1960లలో ట్రాక్టర్ తయారీ ఊపందుకుంది. నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీరు వదిలిన తర్వాత ఈ ప్రాంతపు వ్యవసాయం రూపు మారింది. రెండు పంటలకు వ్యవధి తగ్గేకొద్దీ దుక్కికి ట్రాక్టర్ తప్పనిసరైంది.

ఈ మైదానాల్లో ఎక్కువగా కనిపించే వెనక టైర్ల కొలతలు ఇవి:

12.4-28: వెడల్పు సుమారు 315 మి.మీ., ఎత్తు సుమారు 1260 మి.మీ.
13.6-28: వెడల్పు సుమారు 345 మి.మీ., ఎత్తు సుమారు 1310 మి.మీ.
14.9-28: వెడల్పు సుమారు 378 మి.మీ., ఎత్తు సుమారు 1365 మి.మీ.
16.9-28: వెడల్పు సుమారు 429 మి.మీ., ఎత్తు సుమారు 1435 మి.మీ.

35 హార్స్‌పవర్ ప్రాంతపు ట్రాక్టర్లకు 12.4, 40 నుంచి 45 వాటికి 13.6, 50 దగ్గరికి వచ్చేసరికి 14.9, ఆ పైన 16.9 రావడం మామూలు. ముందు టైరు చాలావాటికి 6.00-16. దాని మీద చుట్టూ నిలువు పట్టీలుంటాయి. స్టీరింగు తిప్పినప్పుడు పక్కకు జారకుండా మట్టిని పట్టుకునేవి అవే. చిన్న ట్రాక్టర్లకు వెనక 8.00-18, 8.3-20 వంటివి ఉంటాయి.

వెనక టైరు పళ్లు వి ఆకారంలో ఉంటాయి. ముందుకు దొర్లేటప్పుడు ఆ ఆకారపు మొన ముందుగా నేలను తాకాలి. అప్పుడే మట్టి పక్కలకు తోసుకుపోయి టైరు శుభ్రపడుతుంది. తిరగేసి బిగిస్తే రేగడి మట్టి నడుమ చేరి గట్టిపడుతుంది. టైరు పక్కన ఉండే బాణం గుర్తు ఇందుకే.

13.6 తీసి 14.9 ఎక్కించాలని చాలామంది ఉబలాటపడతారు. ఎత్తు 1310 నుంచి 1365కు పెరగడమంటే 4.2 శాతం పెరుగుదల. ప్రతి గేరులోనూ వేగం అంతే పెరుగుతుంది, లాగే బలం దాదాపు అంతే తగ్గుతుంది. ఇరుసు 27 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. మెత్తని నేలలో వెడల్పు టైరు తేలుతుంది నిజమే. కానీ రిమ్ము కూడా తగినది కావాలి. 13.6కు 12 అంగుళాల వెడల్పు రిమ్ము, 14.9కు 13 అంగుళాలది సరిపోతాయి. ఇరుకు రిమ్ములో వెడల్పు టైరు బలవంతంగా కూర్చుంటే పైభాగం ఉబ్బి, నడిమి పళ్లు మాత్రమే అరిగిపోతాయి.

నాలుగు చక్రాలూ లాగే ట్రాక్టర్లలో ఈ సరదా మరీ ప్రమాదం. వాటిలో ముందు చక్రాలు వెనకవాటికన్నా కొద్ది శాతం వేగంగా తిరిగేలా గేర్లను కూర్చుతారు. వెనక కొలత ఒక్కటే మార్చితే ఆ పొందిక చెడి, గట్టి రోడ్డు మీద గేరుపెట్టె తనలో తానే మెలిపడుతుంది. అలాగే వెనక ఒక వైపు కొత్త టైరు, రెండో వైపు అరిగిన టైరు ఉంటే డిఫరెన్షియల్ ఒక్క నిమిషం కూడా విశ్రాంతి లేకుండా తిరుగుతూ అరుగుతుంది.

సాళ్లు, చక్రాల ఎడం

ఈ ప్రాంతంలో టైరు వెడల్పును తేల్చేది చివరికి మొక్కే. పత్తి సాళ్ల మధ్య సాధారణంగా 90 నుంచి 120 సెంటీమీటర్లు వదులుతారు. మిర్చికి 60 నుంచి 75 వరకు ఉంటుంది. అచ్చు తోలి, అడ్డం నిలువు సమంగా నాటిన మిర్చి చేలో ఎద్దుల గుంటక రెండు వైపులా తిరుగుతుంది. అదే పని ట్రాక్టర్‌తో చేయాలంటే చక్రాలు సరిగ్గా సాళ్ల నడుమ పడాలి.

దీనికి సూత్రం చాలా తేలిక. కుడి, ఎడమ టైర్ల నడిబొడ్డుల మధ్య దూరం సాలు దూరానికి సరిగ్గా ఒక రెట్టు, రెండు రెట్లు, లేదా మూడు రెట్లు ఉండాలి. సాలు 60 అయితే చక్రాల ఎడం 120 లేదా 180. సాలు 75 అయితే 150. సాలు 90 అయితే 90 లేదా 180. సాలు 120 అయితే 120.

తొంభై సాళ్ల పత్తిలోకి 135 సెంటీమీటర్ల ఎడంతో ఒక మామూలు ట్రాక్టర్ దిగిందనుకుందాం. ఒక సాలుకు రెండు పక్కలా చక్రాలు పెట్టుకుని నడిస్తే, ఒక్కో చక్రం నడిబొడ్డు ఆ సాలు నుంచి 67 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది. పక్క సాలుకు మిగిలేది 23. టైరు సగం వెడల్పు 17 తీసేస్తే మొక్క మొదలుకు ఆరు సెంటీమీటర్ల దూరంలో టైరు అంచు నడుస్తుంది. కొమ్మలు విరగడం, వేళ్లు తెగడం ఖాయం. అదే ట్రాక్టర్‌కు చక్రాల నడిమి డిస్కులు తిప్పి 180కి సర్దితే, చక్రం సాలు నడుమ పడి రెండు వైపులా 28 సెంటీమీటర్ల చొప్పున ఖాళీ ఉంటుంది. టైరు మార్చలేదు, కొత్త ఖర్చు లేదు. బోల్టులు విప్పి డిస్కు తిప్పిన పూట పని పైరును కాపాడింది. డిస్కు తిప్పేటప్పుడు కుడి చక్రం ఎడమకు మారితే పళ్ల దిశ తారుమారు కాకుండా చూసుకోవాలి. ముందు ఇరుసును కూడా రంధ్రాల్లో జరిపి వెనక జాడలోకి తేవాలి.

అరవై సాళ్ల మిర్చిలో 13.6 టైరుకు రెండు వైపులా 13 సెంటీమీటర్లే మిగులుతుంది. 8.3 అంగుళాల టైరుకు 19కి పైగా మిగులుతుంది. అంతరకృషికి, అంటే పైరు మధ్య దున్నకానికి, ఇరుకు చిన్న ట్రాక్టర్లు ఈ ప్రాంతంలో ఆదరణ పొందడానికి ఈ ఆరు సెంటీమీటర్లే కారణం. బెడ్లు పోసి డ్రిప్పు వేసిన మిర్చికి బెడ్డు నడుమల దూరమే చక్రాల ఎడం కావాలి. నాటకముందే, అంటే బెడ్డు పోసే రోజునే ఈ లెక్క చూసుకోవాలి. నాటాక మొక్కను జరపలేం.

దమ్ము చక్రాలు

తెనాలి, రేపల్లె వైపు వరి దమ్ముకు కేజ్‌వీల్స్ అనే ఇనుప చక్రాలు వాడతారు. టైరు పక్కన బిగించేవి కొన్ని, టైరు తీసి బిగించేవి కొన్ని. నీళ్లు నిలిచిన మడిలో ట్రాక్టర్ దిగబడకుండా అవి ఆపుతాయి. నల్లరేగడి మెట్టలో వీటితో పని లేదు. తారురోడ్డు మీద వీటితో నడిపితే రోడ్డు ముక్కలవుతుంది. ఊరుమ్మడి సొమ్ముతో వేసిన రోడ్డును ఒక్క పూట సోమరితనం పాడు చేయకూడదు. మడి గట్టు దగ్గరే విప్పి ట్రక్కులో వేసుకోవడం మంచి రైతు లక్షణం.

గాలి, నీరు

సరైన కొలత టైరులో తప్పు గాలి ఉంటే అది తప్పు కొలతే. గాలి ఒత్తిడిని మెకానిక్కులు పాయింట్లలో చెబుతారు. దుక్కిలో వెనక టైరుకు 12 పాయింట్ల ప్రాంతం సాధారణం. అంటే చదరపు సెంటీమీటరుకు 0.84 కిలోలు. టైరు నేలను నొక్కే ఒత్తిడి కూడా దాదాపు అంతే ఉంటుంది. పైన చెప్పిన ఇనుప పట్టా పది కిలోలతో పోల్చితే నేలకు ఎంత ఊరటో తెలుస్తుంది. బరువైన ట్రక్కు లాగి రోడ్డెక్కేటప్పుడు కంపెనీ చెప్పిన మేరకు గాలి పెంచాలి. రోడ్డు గాలితోనే చేలోకి దిగితే టైరు తక్కువ చోటునే తాకి లోతుగా నొక్కుతుంది.

పట్టు చాలకపోతే ట్యూబులో నీరు నింపుతారు. వాల్వు పైకి వచ్చేలా చక్రాన్ని తిప్పి నింపితే ముప్పాతిక వంతు దగ్గర ఆగుతుంది. 13.6-28లో అది సుమారు 190 లీటర్లు. రెండు చక్రాలకూ కలిపి 380 కిలోల బరువు పెరుగుతుంది. దుక్కిలో చక్రం 8 నుంచి 15 శాతం జారడం మంచిది. బొత్తిగా జారకపోతే బరువు ఎక్కువై నేల అణుగుతున్నట్టు, అంతకు మించి జారితే పళ్లు, డీజిలు వృథా అవుతున్నట్టు. గొర్రు వేసి పది చుట్లు, ఎత్తి పది చుట్లు నడిపి రెండు దూరాలు కొలిస్తే జారుడు ఎంతో తేలిపోతుంది.

ట్రక్కు, ఎత్తు బరువు

ట్రాక్టర్ వెనక బండిని ఇక్కడ ట్రక్కు అంటారు. దానికి 7.50-16, 9.00-16, పెద్దవాటికి లారీ టైరు 10.00-20 వస్తాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కళ్లాల్లో ఆరబెట్టిన మిర్చి టిక్కీలు గుంటూరు యార్డుకు రాత్రింబవళ్లు కదులుతాయి. ట్రక్కు బరువు, సరుకు బరువు కలిపి చక్రాల సంఖ్యతో భాగిస్తే వచ్చే అంకె టైరు పక్కన అచ్చేసిన మోత కన్నా తక్కువ ఉండాలి. బరువు అన్ని చక్రాల మీదా సమానంగా పడదు కాబట్టి కొంత మిగులు ఉంచుకోవాలి.

పత్తిది వేరే సమస్య. బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. చక్రాల ఎడం మీటరున్నర ఉన్న ట్రక్కులో బరువు నడిబొడ్డు నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉంటే, 26 డిగ్రీల వాలు దాకా అది నిలబడుతుంది. ఆ ఎత్తు రెండు మీటర్లకు చేరితే 20 డిగ్రీలకే పడిపోతుంది. నిలబడి ఉన్న ట్రక్కు లెక్క ఇది. మలుపులో, గతుకులో హద్దు ఇంకా తగ్గుతుంది. ఒక పక్క టైరులో గాలి తక్కువైతే ఆ వాలు అక్కడికక్కడే మొదలైనట్టు.

ఈ లెక్కను ఈ ప్రాంతం ఎప్పుడో అనుభవంతో నేర్చుకుంది. మహాశివరాత్రికి నరసరావుపేట దగ్గరి కోటప్పకొండకు పల్లెల నుంచి తరలివచ్చే ప్రభలనే అలంకరించిన కట్టడాలు చాలా ఎత్తుగా ఉంటాయి. వాటిని ఒకప్పుడు ఒంగోలు ఎడ్లు లాగేవి, ఇప్పుడు ట్రాక్టర్లు కూడా లాగుతున్నాయి. అంత ఎత్తు కట్టడం నిలబడేది కింద చక్రాల ఎడం, నలువైపులా తాళ్లు పట్టుకున్న మనుషుల చేతులు కలిసి కాసే సమతూకం మీద.

పాత జీపులు, కార్లు

గతుకుల డొంకల్లో జీపుది ప్రత్యేక స్థానం. దాని అసలు టైరు 6.00-16, ఎత్తు సుమారు 730 మిల్లీమీటర్లు. పాత జీపును నిలబెట్టుకునేవాళ్లు పదిహేను అంగుళాల రిమ్ముకు మారి 235/75ఆర్15 వేసుకుంటే ఎత్తు 733. స్పీడోమీటరు, గేర్ల లెక్క దాదాపు చెదరదు. వెడల్పు మాత్రం ఆరంగుళాల నుంచి తొమ్మిదికి పైగా పెరుగుతుంది. స్టీరింగు బరువెక్కుతుంది, పూర్తిగా తిప్పినప్పుడు టైరు స్ప్రింగుకు తగలవచ్చు. ఐదు బోల్టుల వలయం ఐదున్నర అంగుళాలు ఉండేలా రిమ్ము చూసుకోవాలి. తడి రేగడిలో సన్నని పాత టైరు పై జిగురు పొరను కోసుకుని కింద గట్టి నేలను పట్టుకుంటుంది. వెడల్పు టైరు ఇసుకలో మేలు. చీరాల తీరానికీ పర్చూరు రేగడికీ ఒకే టైరు ఉత్తమం కాదు.

1950ల చివరి నుంచి 2014 దాకా తయారైన అంబాసిడర్‌కు పాత రోజుల్లో 5.90-15, పద్మినికి 5.20-14 కొలతలుండేవి. ఇలాంటి కార్లకు రేడియల్ ఎంచుకునేటప్పుడు పైన చెప్పిన లెక్కతో పాత టైరు ఎత్తుకు రెండు మూడు శాతం లోపల ఉన్నదాన్ని తీసుకోవాలి. పాత ఏటవాలు టైరునూ రేడియల్‌నూ ఒకే ఇరుసు మీద కలపకూడదు.

మజిల్ కార్లనే శక్తిమంతమైన పాత అమెరికా కార్ల యజమానులవీ ఇవే తిప్పలు. ఆ తరహాకు ఆద్యమని చెప్పే 1964 పాంటియాక్ జీటీఓ 7.50-14 టైర్లతో వచ్చింది. కొన్నేళ్లకే ఎఫ్70-14 వంటి అక్షరాల కొలతలు వచ్చాయి. అందులో ఎఫ్ మోత తరగతి, 70 పక్క ఎత్తు శాతం. నేటి 215/70ఆర్14, 225/70ఆర్14 దానికి దగ్గర. పెద్ద రిమ్ము వేసి అందం పెంచినప్పుడు పక్క ఎత్తు తగ్గుతుంది. నున్నని రహదారిలో అది చెల్లుతుంది. మన డొంకలో మొదటి గుంటకే రిమ్ము వంగుతుంది.

చట్టం

1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్టరైన వాహనాన్ని తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతిని స్పష్టం చేసింది. కార్లు, లారీల టైరు గాళ్లు 1.6 మిల్లీమీటర్లకు, ద్విచక్ర, త్రిచక్ర వాహనాలవి 0.8 మిల్లీమీటరుకు తగ్గకూడదని కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. కంపెనీ అదే నమూనాకు అనుమతించిన ప్రత్యామ్నాయ కొలతల్లోంచి ఎంచుకోవడం అన్నివిధాలా క్షేమం.

కొలిచే పద్ధతి

కొత్త టైరు కొనేముందు ఇంటి దగ్గరే చేయదగిన పరీక్ష ఒకటుంది. పనిలో ఉండే గాలి పట్టించి, టైరు నేలను తాకే చోట సుద్దతో టైరు మీదా నేల మీదా గీత గీయాలి. బండిని తిన్నగా తోస్తూ టైరు గీత పదిసార్లు నేలను తాకాక ఆపి, మొదటి గీత నుంచి దూరం కొలిచి పదితో భాగించాలి. వచ్చేది బరువు కింద టైరు నిజంగా దొర్లే చుట్టుకొలత. పుస్తకంలోని ఎత్తుతో లెక్కగట్టినదానికన్నా ఇది కాస్త తక్కువ ఉంటుంది. రెండు వెనక టైర్లకు విడివిడిగా చేస్తే వాటి అరుగుదల తేడా కూడా బయటపడుతుంది. ఆ తర్వాత చేలోకి వెళ్లి నాలుగు సాళ్ల దూరం కొలిచి సగటు తీయాలి, చక్రాల ఎడం కొలవాలి, ట్రక్కు బరువును వేబ్రిడ్జి మీద తూయించాలి. ఈ నాలుగంకెలూ కాగితం మీద రాసుకుని టైరు కొట్టుకు వెళ్లిన రైతుకు కొట్టువాడు ఉన్న సరుకు అంటగట్టలేడు.

నాలుగు కొలతలూ కుదిరాక మిగిలేది పదును. గుప్పెడు మట్టి తీసి పిసికి వదిలితే ముద్దగా నిలిచిందా, పొడిగా రాలిందా అన్నది చూశాకే చక్రాన్ని చేలోకి దించాలి. ముద్దగా నిలిస్తే ఆ రోజుకు ఎంత మంచి టైరైనా గట్టు మీదే ఉండాలి.